కర్ణుడి కవచం, అమ్మ తెచ్చిన బాణలి

(రేడియో ప్రసంగ పాఠం)



ఈవేళ మా వంటింట్లో జరిగిన ఒక చిన్న ప్రమాదంతో మొదలుపెడతాను. కొన్నేళ్ల క్రితం మా అమ్మ ఇండియా నుంచి వస్తూ, సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి ఒక బాణలి తెచ్చింది. నల్లటి బూడిదరంగులో నున్నగా ఉండే హార్డ్ యానోడైజ్డ్ బాణలి. వేపుళ్లు, పులుసులు అన్నీ అందులోనే. మొన్న మా అబ్బాయి సాయం చేద్దామని దాన్ని డిష్‌వాషర్‌లో పెట్టాడు. బయటికి తీసేసరికి ఒళ్లంతా తెల్లటి మచ్చలు. ముట్టుకుంటే చేతికి బూడిద అంటుతోంది. "రంగు పోయినట్టుంది నాన్నా, మళ్లీ వేయించొచ్చుగా?" అన్నాడు. పోయింది రంగు కాదురా అని వాడికి చెప్పిన సంగతే మీకూ చెబుతాను.

అల్యూమినియానికి గాలి తగిలితే చాలు, ఆక్సిజన్‌తో కలిసి పైన ఒక పొర కట్టుకుంటుంది. ఇనుముకు పట్టే తుప్పు పొరలు పొరలుగా రాలిపోతుంది. అల్యూమినియం ఆక్సైడు అలా రాలదు, లోహాన్ని అంటిపెట్టుకుని కాపాడుతుంది. చిక్కేమిటంటే దాని మందం కొద్ది నానోమీటర్లే. మిల్లీమీటరులో పది లక్షలో వంతు ఒక నానోమీటరు! చింతపండు పులుపు ముందు అది ఎంతసేపని నిలుస్తుంది? సత్తు గిన్నెల్లో, అదే కొందరు సిల్వర్ గిన్నెలంటారు చూడండి, వాటిలో పులుసు రాత్రంతా ఉంచకూడదని పెద్దవాళ్లు అనేది అందుకే.

ఈ పొరనే మనం కావాలని మందంగా పెంచితే అది యానోడైజింగ్. ఒక తొట్టిలో 15 నుంచి 20 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు పోస్తారు. అల్యూమినియం వస్తువును అందులో ముంచి, కరెంటు పాజిటివ్ తీగకు కలుపుతారు. అలా కలిపిన కొసను యానోడ్ అంటారు కాబట్టి ఆ పేరు. మామూలుగా 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 12 నుంచి 20 వోల్టులు సరిపోతాయి. నీటిలోని ఆక్సిజన్ లోహంతో కలిసి ఆక్సైడుగా మారుతుంది. అంటే పెయింటులా బయటినుంచి పూసేది ఏమీ లేదు. ఆ లోహమే కొంత ఖర్చయి పొరగా మారుతుంది.

ఇక్కడే ఒక తమాషా ఉంది. ఆక్సైడులోంచి కరెంటు సులువుగా పోదు. మరి కాస్త పొర కట్టగానే పని ఆగిపోవాలి కదా? ఆగనివ్వనిది యాసిడ్. ఒకపక్క పొర పెరుగుతుంటే, ఇంకోపక్క యాసిడ్ దాన్ని అక్కడక్కడా కరిగిస్తుంది. పొర పలచగా ఉన్నచోటికి కరెంటు ఎక్కువగా వెళుతుంది, అక్కడే కరగడమూ ఎక్కువ. అలా చిన్న గుంటలు నిట్టనిలువు రంధ్రాలవుతాయి. అడుగున మాత్రం రంధ్రం లేని పలచటి పొర ఎప్పుడూ మిగిలే ఉంటుంది. 1953లో అమెరికాలో ఆల్కోవా సంస్థకు చెందిన కెల్లర్, హంటర్, రాబిన్సన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూసి, ఈ అమరికను తేనెపట్టు గదుల్లాగా ఉన్నట్టు వివరించారు. ఒక్కో రంధ్రం వెడల్పు 10, 20 నానోమీటర్లు. మన గోరంత చోటులో అవి వేల కోట్లు!

ఈ రంధ్రాల్లోకి రంగునీళ్లు ఇంకించవచ్చు. 2004లో వచ్చిన ఐపాడ్ మినీల గులాబీ, నీలం, ఆకుపచ్చ రంగులు అలా వచ్చినవే. తరువాత మరిగే నీళ్లలో ఉంచితే ఆక్సైడు నీరు పీల్చి ఉబ్బి, రంధ్రాల మూతులు మూసుకుంటాయి. రంగు లోపలే ఉండిపోతుంది.

వంటపాత్రలకు ఇంకా గట్టి పొర కావాలి. అందుకని తొట్టిని సున్నా డిగ్రీల దగ్గరికి చల్లబరిచి, వోల్టులు పెంచుతారు. చల్లదనంలో యాసిడ్ కరిగించే జోరు తగ్గుతుంది, పొర 50 మైక్రాన్ల దాకా పెరుగుతుంది. మన తలవెంట్రుక మందం 70 మైక్రాన్లనుకోండి, దానితో పోల్చుకోవచ్చు. హార్డ్ యానోడైజ్డ్ అంటే ఇదే.

మరి ఇంత గట్టి పొర డిష్‌వాషర్‌లో ఎందుకు ఓడిపోయింది? ఈ ఆక్సైడు ఘాటైన ఆమ్లంలోనూ కరుగుతుంది, ఘాటైన క్షారంలోనూ కరుగుతుంది. డిష్‌వాషర్ పొడి మంచి క్షారం. దానికి వేడినీళ్లు, గంటసేపు నానడం తోడయ్యాయి. ఇంకేం కావాలి?

కాబట్టి తయారుచేసినవాళ్లు పెట్టవచ్చని రాస్తే తప్ప ఈ పాత్రలను డిష్‌వాషర్‌లో పెట్టకండి. మాడిందని వంటసోడా వేసి మరిగించకండి, అదీ క్షారమే. స్టీలు పీచుతో రుద్దకండి. గోరువెచ్చని నీళ్లు, మామూలు సబ్బు, మెత్తటి స్పాంజి చాలు. పులుసు వండుకోండి, కానీ వండగానే వేరే గిన్నెలోకి తీసేయండి.

మా అబ్బాయికి కర్ణుడి కథ చెప్పాను. కవచం ఒంటితో పుట్టింది, కోసి ఇచ్చాక మళ్లీ మొలవలేదు. దీన్ని కూడా ఇంట్లో మళ్లీ వేసుకోలేం. ఇప్పుడు పులుపు వంటలు స్టీలు గిన్నెలోకి మారాయి.

ఫోన్‌లో అమ్మకు భయపడుతూనే చెప్పాను. "పోనీలేరా, మనవడు గిన్నెలు కడగడానికి ముందుకొచ్చాడుగా, అది చాలు" అంది.

సెలవు.