వార్తల్లో పదం: కార్డియాక్ సార్కాయిడోసిస్

అమెరికన్ ఫుట్‌బాల్ దిగ్గజం రెగీ వైట్ 2004 డిసెంబరు 26న 43 ఏళ్లకే కన్నుమూశాడు. గుండె లయ తప్పి ఉంటుందని, గుండెనూ ఊపిరితిత్తులనూ పట్టిన సార్కాయిడోసిస్ అందుకు దారితీసి ఉంటుందని వైద్య పరీక్షకులు చెప్పారు.

ఈ జబ్బులో రోగనిరోధక కణాలు గుంపుకట్టి గ్రాన్యులోమాలనే చిన్న గడ్డలవుతాయి. ఎందుకో ఇంకా అంతుపట్టలేదు. ఎక్కువగా ఊపిరితిత్తుల్లో వచ్చే ఇవి గుండె కండరంలో పుడితే విద్యుత్ సంకేతాల దారికి అడ్డుపడతాయి. నాడి మందగిస్తుంది, లేదా ప్రమాదకరంగా పరుగెడుతుంది. కొందరిలో కళ్లు తిరిగి పడిపోవడమే తొలి లక్షణం.

గుర్తించడం తేలిక కాదు. ఈసీజీ, ఎకో మామూలుగానే ఉండొచ్చు. గడ్డలు అక్కడక్కడా ఉంటాయి కాబట్టి బయాప్సీ ముక్కలోనూ దొరక్కపోవచ్చు. ఎమ్మారై మచ్చలను చూపితే, పెట్ స్కాన్ రగులుతున్న వాపును పట్టిస్తుంది. పెట్‌కు ముందురోజు అన్నం, చపాతీ, తీపి మానేసి, కొవ్వు, మాంసకృత్తులు తిని, ఆపై రాత్రంతా ఉపవాసం ఉండాలి. అప్పుడు ఆరోగ్యంగా ఉన్న కండరం చక్కెర వదిలి కొవ్వును వాడుకుంటుంది, చక్కెరను పీల్చుకునే వాపున్న చోటే స్కాన్‌లో వెలుగుతుంది. ఈ పథ్యం తప్పితే స్కాన్ తప్పుదారి పట్టిస్తుంది.

మన దేశంలో ఇంకో చిక్కుంది. క్షయలోనూ గ్రాన్యులోమాలే ఏర్పడతాయి. సార్కాయిడోసిస్‌కు చికిత్సగా స్టెరాయిడ్లు మొదలుపెట్టే ముందు అది క్షయ కాదని తేల్చుకోవాల్సిందే.