వంగిన మెడకు ఏ టోపీ?

మార్చి వచ్చిందంటే నందిగామలోనూ జగ్గయ్యపేటలోనూ టోపీలు రోడ్డు పక్కకి వచ్చేస్తాయి. తాడుకు వేలాడేవాటిలో ముందుకు మాత్రమే అంచున్న క్రికెట్ క్యాపులే ఎక్కువ. వాటి మధ్య వెనక సగం జాలీ ఉన్నవి, చుట్టూ అంచున్న గుండ్రటివి కొన్ని. కొనేవాళ్లు రంగు చూస్తారు, తలకు బిగుతుగా పట్టిందా అని చూస్తారు. చూడాల్సినవి మాత్రం వేరే రెండున్నాయి. అంచు ఎటు ఉంది? గుడ్డకీ నెత్తికీ మధ్య ఖాళీ ఎంత?

ముందు అంచు సంగతి. నందిగామ అక్షాంశం దాదాపు 16.8 డిగ్రీలు. అందువల్ల ఏటా మే 7 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 5 ప్రాంతంలో ఇంకోసారి, మధ్యాహ్నం పన్నెండు దాటిన కాసేపటికి సూర్యుడు నడినెత్తి మీదికి వస్తాడు. నిటారుగా పాతిన కర్రకు నీడే ఉండదు. ఆగస్టులో మబ్బులు కమ్ముతాయి గనక మనకు లెక్కలోకి వచ్చేది మే నెలే. ఆ రోజుల్లో ఎండకు ఎదురుగా నిలబడ్డ మనిషి క్యాపుకు 7 సెంటీమీటర్ల ముందంచు ఉందనుకుందాం. మధ్యాహ్నం ఒకటిన్నరకు సూర్యుడు 70 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అంచు నీడ 19 సెంటీమీటర్ల కిందిదాకా, అంటే గడ్డం వరకూ పడుతుంది. మూడింటికి సూర్యుడు 48 డిగ్రీలకు దిగుతాడు, నీడ 8 సెంటీమీటర్లకు తగ్గి ముక్కు దగ్గరే ఆగిపోతుంది. నాలుగింటికి ఐదు సెంటీమీటర్లు కూడా ఉండదు. కళ్లకు అందుతుందంతే.

ఇదంతా నిలబడ్డ మనిషి లెక్క. మా మెట్ట ప్రాంతంలో గంటల తరబడి ఎండలో ఉండేవాళ్లు నిలబడి ఉండరు. మిరప కోతలో నడుం వంచి సాలు వెంట జరుగుతారు. కల్లంలో తాలుకాయలు ఏరేటప్పుడు కూర్చుని తల దించుకుంటారు. తల వంగితే ఆకాశానికి ఎదురుగా ఉండేవి మెడ వెనక భాగం, చెవులు. క్రికెట్ క్యాపు నీడ అప్పుడు మనిషి మీద కాకుండా మట్టి మీద పడుతుంది. కోతకు వెళ్లే ఆడవాళ్లు నెత్తిన తువ్వాలు కప్పుకుని కొసలు మెడ మీదికి వదులుకోవడం, చీర మీద పొడుగు చేతుల చొక్కా తొడుక్కోవడం ఈ ఎండకు సరైన జవాబు. ఉత్తర ఆఫ్రికా ఎడారుల్లో ఫ్రెంచి సైనికులు టోపీ వెనక మెడ మీదికి గుడ్డ వేలాడదీసుకున్నదీ ఇందుకే.

1992లో బ్రిటన్‌లో డిఫీ, చీజ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు బొమ్మ తలలకు రకరకాల టోపీలు పెట్టి, అతినీలలోహిత కిరణాలు ఎక్కడ ఎంత పడుతున్నాయో కొలిచారు. అంచు రెండున్నర సెంటీమీటర్ల లోపుంటే రక్షణ నామమాత్రం. చుట్టూ ఉన్న అంచు ఏడున్నర దాటితే ముక్కు మీద పడేవి ఏడో వంతుకు, మెడ మీద పడేవి ఐదో వంతుకు, బుగ్గల మీద పడేవి మూడో వంతుకు తగ్గాయి. గడ్డం దగ్గర మాత్రం సగమే తగ్గాయి. ఈ కిరణాలన్నీ సూర్యుడి నుంచి తిన్నగా రావు మరి. చాలా భాగం ఆకాశం నిండా చెదిరి నలువైపుల నుంచీ వస్తుంది, కొంత నేల మీద పడి పైకి లేస్తుంది. పొడి ఇసుక అయితే 15 శాతం దాకా తిప్పికొడుతుంది. మన చర్మంలో మెలనిన్ ఎక్కువ కాబట్టి చర్మ క్యాన్సర్ ముప్పు తెల్లవాళ్లకు ఉన్నంత మనకు లేదు. కంటికి ఆ వెసులుబాటు లేదు. శుక్లాలు ముదరడంలోనూ, తెల్లగుడ్డు మీది నుంచి నల్లగుడ్డు మీదికి కండపొర పాకడంలోనూ ఈ కిరణాల పాత్ర ఉంది. వెడల్పాటి అంచు కంటికి చేరేవాటిని దాదాపు సగానికి తగ్గిస్తుంది.

ఇక ఖాళీ సంగతి. నాకు అంచు కన్నా ఇదే ముఖ్యమనిపిస్తుంది, దీన్ని పట్టించుకునేవాళ్లే తక్కువ. మబ్బు లేని మధ్యాహ్నం చదరపు మీటరుకు సుమారు వెయ్యి వాట్ల ఎండ దిగుతుంది. దాన్ని గుడ్డ పీల్చుకుని వేడెక్కుతుంది. గుడ్డ నెత్తికి అంటుకుని ఉంటే ఆ వేడి నేరుగా లోపలికి దిగుతుంది. మధ్యలో గాలి ఆడితే ఆ గాలే దాన్ని పట్టుకుపోతుంది. రేకుల షెడ్డుకీ అటక ఉన్న పెంకుటింటికీ ఉన్న తేడానే ఇది. జుట్టు చేసే పనీ అదే. 2023లో టీనా లసీసీ బృందం వేడిని కొలిచే బొమ్మ తలకు రకరకాల విగ్గులు పెట్టి చూస్తే, ఎండ వేడిని అన్నిటికన్నా బాగా ఆపింది బిగుతైన రింగుల జుట్టు. ఆ రింగులు ఎండ తగిలే చోటును నెత్తికి ఎడంగా ఉంచుతాయి.

నలుపు వద్దు, తెలుపే కొనమంటారు. పల్చటి బిగుతు టోపీకి ఆ మాట నిజమే. కానీ 1980లో సైనాయ్ ఎడారి బెదూయిన్ల నల్ల అంగీల మీద ష్కోల్నిక్ బృందం నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. నల్ల అంగీ ఎక్కువ వేడి పీల్చుకున్న మాట నిజమే అయినా, వదులుగా ఉండటంతో ఆ అదనపు వేడి ఒంటికి చేరకుండా గాలికే పోయింది. రంగు కన్నా వదులుకే నా ఓటు.

గాలి వేడి 40 డిగ్రీలు దాటాక, ఒంటికి తగిలే గాలి చల్లబరచకపోగా వేడెక్కిస్తుంది. ఇక మనల్ని కాపాడేది చెమట ఒక్కటే. ఒక గ్రాము చెమట ఆవిరైతే దాదాపు 2400 జూళ్ల వేడి ఒంటి నుంచి పోతుంది. ఆవిరి కాకుండా కారిపోయిన చెమటతో లాభం లేదు. ముందు స్పాంజి పలక, వెనక ప్లాస్టిక్ జాలీ ఉన్న క్యాపులు 1970ల్లో అమెరికాలో దాణా కంపెనీలు రైతులకు ప్రచారం కోసం ఉచితంగా పంచినవి. మన దగ్గర విత్తనాల, పురుగుమందుల కంపెనీలు పంచేవాటిలోనూ ఆ తరహావి కనిపిస్తాయి. స్పాంజి నుదుటి చెమటను ఆరనివ్వదు, జాలీ గాలితో పాటు ఎండనూ లోపలికి వదులుతుంది. పంచేవాళ్లు పేరు అచ్చేసుకోవడానికి ముందు పలకే చూసుకున్నారు, వెనక మెడ సంగతి ఆలోచించలేదు.

తడిపిన తువ్వాలుకు ఈ ప్రాంతంలో ఒక అనుకూలత ఉంది. మేలో ఇక్కడ వీచే పడమటి గాలి పొడిది. నీరు చప్పున ఆవిరై తలను చల్లబరుస్తుంది. సముద్రపు తేమ ఉండే బందరులో అదే తువ్వాలు అంత పని చేయదు. అయితే తడిసిన పల్చటి తెల్లగుడ్డ పొడిగుడ్డ కన్నా ఎక్కువ అతినీలలోహిత కిరణాలను లోపలికి వదులుతుంది. కాబట్టి రెండు మూడు మడతలు వేసుకోవాలి. దాని మీద చుట్టూ అంచున్న వదులు టోపీ పెట్టుకుంటే నీడా చలవా రెండూ దొరుకుతాయి.

జగ్గయ్యపేట చుట్టుపక్కల సున్నపురాయి గనుల్లో, సిమెంటు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ల హెల్మెట్ లోపల పట్టీలు తలకూ డొప్పకూ మధ్య ఖాళీ ఉంచుతాయి. ఆ ఖాళీ దెబ్బ తలకు చేరకుండా ఉండటానికి పెట్టింది, గాలి ఆడటానికీ పనికొస్తుంది. కింద క్యాపు పెట్టుకుంటే పట్టీలు సరిగా కూర్చోవు, హెల్మెట్ అసలు పనికే చేటు. మెడకు గుడ్డ కావాలంటే హెల్మెట్ వెనక అంచుకు తగిలించేవి దొరుకుతాయి.

2015 మేలో వచ్చిన వడగాలులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఏ టోపీ అయినా ఒక్కటే వడదెబ్బను ఆపలేదు. కండరాలు పుట్టించే వేడికి నీళ్లూ నీడా విశ్రాంతీ కావాలి. పైనుంచి పడే వేడిని తగ్గించడం మాత్రం టోపీ చేతిలో ఉంది. పిల్లల విషయంలో ఇది మరీ అవసరం. ఒంటిపూట బడులు మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో వదులుతారు. అప్పుడు సూర్యుడు దాదాపు నడినెత్తినే ఉంటాడు. ఆస్ట్రేలియాలో చాలా బడులు టోపీ లేని పిల్లల్ని ఎండలో ఆడనివ్వవు. ఆ టోపీ కూడా చుట్టూ అంచున్నదో, మెడ మీదికి గుడ్డ వేలాడేదో అయ్యుండాలి. క్రికెట్ క్యాపును లెక్కలోకి తీసుకోరు. చిన్నపిల్లలకు అంచు కనీసం 5 సెంటీమీటర్లుండాలని అక్కడి క్యాన్సర్ కౌన్సిల్ చెబుతుంది. మన ప్రభుత్వ బడుల్లో ఏటా యూనిఫాం, బెల్టు, బూట్లు, పుస్తకాల సంచీ ఇస్తున్నారు. చుట్టూ అంచున్న వదులైన నూలు టోపీ ఒకటి కూడా అందులో చేర్చాలి, అదీ మార్చిలోపే పిల్లల చేతికి అందాలి.