దప్పళానికి చుట్టం... ఈ సూప్‌!

డిసెంబరు వచ్చిందంటే చాలు... హైదరాబాద్‌ - విజయవాడ రహదారి మీదున్న మునగాలలో తెల్లారితే పొగమంచు, పొద్దుగూకితే చలి. పిల్లలు చదువులకో ఉద్యోగాలకో నగరం వెళ్లిపోయి, పెద్దవాళ్లిద్దరే మిగిలిన ఇళ్లలో రాత్రిపూట వంటంటే బద్ధకం. పొద్దుటి అన్నంలో ఇంత పచ్చడి, ఇన్ని మజ్జిగ... అంతే భోజనం. కూరగాయల మాట దేవుడెరుగు! వేడివేడిగా ఒక్క గిన్నెడు సూప్‌ ఉంటే ఆ లోటు తీరుతుంది.

సూప్‌ అనగానే పెళ్లి విందులో కప్పులో పోసిచ్చే మొక్కజొన్నపిండి నీళ్లే గుర్తొస్తే ఆ తప్పు మనది కాదు. పైగా ప్యాకెట్‌ సూపుల్లో ఉప్పు ఎక్కువ. రోజుకి అయిదు గ్రాముల్లోపే ఉప్పు తినమంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. బీపీ ఉన్నవాళ్లు ప్యాకెట్‌ వెనకవైపు ఓసారి చదవాల్సిందే.

నిజానికి కడుపు నింపే కూరగాయల పులుసులు మనకి కొత్తేం కాదు. మునగాల పరగణా 1959 దాకా కృష్ణా జిల్లాలో ఉండి, ఆ తర్వాతే నల్గొండలో కలిసింది. ఇప్పుడు సూర్యాపేట జిల్లా. అటు సంక్రాంతి గుమ్మడికాయ దప్పళం, ఇటు పప్పుచారు... రెండిట్లోనూ ఉన్నది ముక్కలూ పులుపే కదా! చింతపండు మానేసి మిరియాలు వేస్తే సూప్‌. ఇటలీవాళ్ల మినెస్ట్రోనే కూడా ఇంతే. ఆ కాలంలో దొరికే కూరగాయలు, చిక్కుడు గింజలు, కాస్త పాస్తానో అన్నమో.

నలుగురికైతే అరకప్పు పెసరపప్పు దోరగా వేయించి, కప్పు సొరకాయ ముక్కలు, మూడు టొమాటోలు, నాలుగు గ్లాసుల నీళ్లతో కుక్కర్‌లో మూడు కూతలు రానిచ్చి మెత్తగా మెదపాలి. చిక్కదనం పప్పుదే, మొక్కజొన్నపిండి అక్కర్లేదు. వేరే గిన్నెలో చెంచా నెయ్యి వేసి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, అంగుళం అల్లం, ఓ ఉల్లిపాయ వేయించాక రెండు క్యారెట్లు, పది బీన్స్‌ ముక్కలు వేయాలి. వీటిని కుక్కర్‌లో పెట్టొద్దు, గుజ్జయిపోతాయి. పప్పు పోసి పది నిమిషాలు మరిగించి, చివర్లో గుప్పెడు క్యాబేజీ తురుము, ఊరి పేరు నిలబెట్టడానికైనా కాసిని లేత మునగాకులు వేసి అయిదు నిమిషాలు ఉంచాలి. ఉప్పు, మిరియాలపొడి, జీలకర్రపొడి ఆఖర్న.

నెయ్యి రుచికే కాదు... టొమాటోలోని లైకోపీన్‌, క్యారెట్‌లోని బీటా కెరోటిన్‌ ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు ఉండాలి. విటమిన్‌ సి మాత్రం వేడికి తగ్గిపోతుంది. అందుకే నిమ్మరసం పొయ్యి మీద కాదు, గిన్నెలోకి వడ్డించుకున్నాకే.

పళ్లు లేనివాళ్లకైతే గుప్పెడు అన్నం వేసి ఇంకాస్త ఉడికిస్తే సరి. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాటికి గట్టిపడుతుంది కాబట్టి వేణ్నీళ్లు పోసి బాగా మరిగించండి. పిల్లలు పేచీ పెడితే ఇంగువ పోపు వేసి అన్నంలో కలిపేయండి, పప్పుచారనుకునే తినేస్తారు!