బీజమా, క్షేత్రమా?



బీజక్షేత్రన్యాయము మీకు తెలియనిది కాదు. పురుషుడు విత్తనము, స్త్రీ చేను. వరి చల్లిన వరియే మొలచును గాని చేనినిబట్టి జొన్న మొలవదు గదా యని పూర్వుల వాదము. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున నీ చర్చ జరిగి బీజమే యుత్కృష్టమని చెప్పబడినది. ఆయుర్వేదాచార్యులు మాత్రము కొంత సమత్వము చూపిరి. కేశములు, ఎముకలు, గోళ్ళు తండ్రివలనను, రక్తమాంసములు, హృదయము తల్లివలనను కలుగునని సుశ్రుతుడు పంచి పెట్టెను. అది గొప్ప యూహయే. కాని కంట చూచి చెప్పినది కాదు. చూచుటకు సాధనము లేకుండెను.

ఆ సాధనము సూక్ష్మదర్శని. హాలండులో డెల్ఫ్ట్ పట్టణపు బట్టల వర్తకుడు లీవెన్‌హుక్ 1677లో శుక్రమును పరీక్షించి, అందు తోకలతో నీదులాడు అసంఖ్యాక కణములను గూర్చి వ్రాసెను. అంతట పాశ్చాత్యులలో ననేకులు మన బీజవాదులను మించిపోయిరి. ఆ కణమునందే మనుష్యుడు ముడుచుకొని యున్నాడనిరి! హార్ట్‌సోకర్ అను నతడు 1694లో శుక్రకణపు తలలో మోకాళ్ళు కౌగిలించుకొని కూర్చున్న పసివాని బొమ్మను సయితము అచ్చు వేయించెను. చూచితినని యతడును అనలేదు. చూడగలిగిన నిట్లుండునేమో యనెను. బొమ్మ మాత్రము లోకమున నిలిచిపోయినది.

తల్లిపక్షపు సాక్ష్యము ఆలస్యముగా వచ్చెను. పాలిచ్చు జంతువుల యండమును బేయర్ అను పండితుడు 1827లో ఆడుకుక్కయందు కనుగొనెను. స్త్రీ యండము మిల్లీమీటరులో పదియవ వంతుండును. శుక్రకణపు తల అందులో నిరువదవ వంతు మాత్రమే. ఈ రెండును కలిసినప్పుడు జరుగునదేమి? శుక్రకణములు పెక్కు అండమున కరగిపోవునని కొందఱు, తాకి చలనము మాత్రము కలిగించునని కొందఱు తలచుచుండిరి.

ఈ సంశయమును తీర్చినది సముద్రమున రాళ్ళ నంటియుండు ముండ్లబంతి వంటి యొక చిన్న జంతువు. ఆంగ్లేయులు దానిని సీ అర్చిన్ అందురు. దాని యండములు మిక్కిలి తేటనివి. గాజుగోళీలోనికి చూచినట్లు లోపల జరుగునది కానవచ్చును. పైగా నవి తల్లి శరీరము వెలుపల, ఉప్పునీటిలోనే ఫలించును. జర్మనీ దేశీయుడగు ఆస్కార్ హెర్ట్‌విగ్ 1875లో ఫ్రాన్సు దక్షిణతీరమున వీటిని సూక్ష్మదర్శని క్రింద నుంచి కనిపెట్టి చూచెను. శుక్రము కలిపిన కొలది నిమిషములకు అండపు అంచున చిన్న తెల్లని చుక్క యొకటి పొడమెను. చుట్టును సూర్యకిరణములవంటి గీతలు. ఆ చుక్క మెల్లగా లోనికి జరిగి, అండకేంద్రమును సమీపించి, దానితో నేకమయ్యెను. ఆ చుక్కయే తండ్రి కణపు కేంద్రము. మఱుసటి యేట నతడీ సంగతి ప్రకటించెను. పిమ్మట స్విట్జర్లండువాడగు ఫోల్, ఒక్క శుక్రకణము ప్రవేశించినంతనే అండముచుట్టు పొర లేచి తక్కినవాని నాపుటను చూచెను.

ఇక లెక్క మిగిలినది. బెల్జియమువాడగు వాన్ బెనెడెన్ 1883లో గుఱ్ఱపు ప్రేవులందలి యేలికపాము నండమును చూచి, తల్లినుండి రెండు పోగులు, తండ్రినుండి రెండు పోగులు వచ్చుచున్నవని తెలిపెను. వీనినే క్రోమోసోములందురు. మనుష్యులయందు తల్లివి ఇరువదిమూడు, తండ్రివి ఇరువదిమూడు. మొత్తము నలువదియాఱని 1956లో తేలినది. అనగా తల్లి చేను మాత్రమే కాదు, సగము విత్తనము.

ఇచ్చట పెద్దలకొక మాట విన్నవింపవలసి యున్నది. కొడుకు పుట్టలేదని కోడలిని దూఱుటయు, మఱియొక పెండ్లి తలపెట్టుటయు నెఱుగని యూరు లేదు. అమెరికాలో నెట్టీ స్టీవెన్స్ అను విదుషీమణి 1905లో పిండిపురుగులను పరీక్షింపగా, ఆడుపురుగునకు ఇరువదియు పెద్ద క్రోమోసోములే యుండెను. మగదానికి పంతొమ్మిది పెద్దవి, ఒకటి చిన్నది. ఆ చిన్నది గల శుక్రకణమువలన మగపిల్ల పుట్టును. మనుష్యులయందును మార్గమిదియే. తల్లి యండములన్ని యొక్క తీరువే; భేదము తండ్రి కణములలోనే. దూఱదలచినవారు కొడుకును దూఱవలెను. అతడును కోరి చేసినది కాదు గనుక నదియు నన్యాయమే.

కలయిక యైన పిదప అండము రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా చీలుచు పోవును. సీ అర్చిన్‌కు మొదటి చీలిక గంట గంటన్నరలో నగును. మనుష్యపిండమునకు ఒక దినము దాటును. అండము పెద్దది గదా, అందు తల్లి ముందుగా నిలువచేసిన సంబారము నిండియుండును. మనుష్యపిండము నాలుగు మొదలెనిమిది కణముల దశ చేరువఱకు ముఖ్యముగా నా సంబారముతోడనే కార్యము నడచును. తల్లిదండ్రుల క్రోమోసోములు చక్కగా పనికి పూనుట పిమ్మటనే. కాగా తల్లి పాలు సగముకంటె నెక్కువయే యనవలెను. ఈ చీలికలు మొదట అండవాహికలో జరుగును. పిండము గర్భాశయము చేరి, ఆఱేడు దినములకు దాని గోడ నంటుకొనును. క్షేత్రమను మాట తల్లికి చెల్లుట అప్పటినుండి.