ఇంట్లో మిగిలిన నూనెకుండ

భర్త చనిపోయాడు గాని అతడు చేసిన అప్పు చావలేదు. అప్పులవాడు గుమ్మం ముందు నిలబడి, సొమ్ము కట్టలేకపోతే ఇద్దరు కొడుకులనూ దాసులుగా పట్టుకుపోతానంటున్నాడు. రెండవ రాజుల గ్రంథం 4వ అధ్యాయంలో ఎలీషా ప్రవక్త ఎదుట మొరపెట్టిన విధవరాలి దుస్థితి ఇది. ఆమె ప్రవక్తతో మొదట చెప్పిన సంగతి అప్పు ఎంత అన్నది కాదు. తన భర్త దేవునికి భయపడి బతికినవాడనీ, ఆ సంగతి ప్రవక్తకూ తెలుసుననీ ఆమె గుర్తు చేసింది. ఆ మాట వెనుక అడగలేని ప్రశ్న ఒకటి ఉంది: దైవభక్తిగల ఇంటికి ఈ గతి ఎందుకు పట్టింది?

ఆ ప్రశ్న నేటికీ మన సంఘాల్లో ఎందరి గుండెల్లోనో నలుగుతోంది. అప్పుల్లో ఉన్న విశ్వాసికి రెండు భయాలుంటాయి. ఒకటి, రేపు వాకిట్లోకి వచ్చే అప్పులవాణ్ని గూర్చిన భయం. రెండవది అంతకంటే లోతైనది. దేవుడు మనల్ని విడిచిపెట్టాడేమో, ఇంటిమీద ఏదో శాపం ఉందేమో, దశమభాగం ఇవ్వలేకపోయినందుకే ఈ శిక్షేమో అన్న భయం. పగలు పనిలో మరచిపోయినా, రాత్రి పక్కమీద వాలగానే అది లేచి కూర్చుంటుంది. ప్రార్థించబోతే నోరు పెగలదు. కానుకల సంచి ముందుకు వస్తే వేయడానికి ఏమీ లేదన్న సిగ్గుతో కొందరు, అప్పిచ్చిన విశ్వాసి పక్క వరుసలోనే కూర్చుంటాడన్న జంకుతో కొందరు ఆరాధనకే రావడం మానేస్తారు. ‘ఒంట్లో బాగోలేదండీ’ అని సంఘకాపరులమైన మాకు కబురు పంపుతారు. బాగోలేనిది ఒళ్లు కాదని మాకు ఆలస్యంగా తెలుస్తుంది.

ఈ రెండవ భయానికి వాక్యం సూటిగా జవాబిస్తోంది. ఆ ప్రవక్త శిష్యుడు భక్తిపరుడు, అయినా అప్పుతోనే కన్నుమూశాడు. బైబిలు ఈ రెండు సంగతులనూ పక్కపక్కనే పెట్టి, ఒకదాన్ని బట్టి మరొకదాన్ని కొట్టివేయలేదు. పుట్టుగుడ్డివాణ్ని చూసి ఇది ఎవరి పాప ఫలితమని శిష్యులడిగితే, అతని పాపమూ కాదు, అతని తల్లిదండ్రులదీ కాదని ప్రభువు తేల్చిచెప్పాడు (యోహాను 9). అపొస్తలుడైన పౌలు తన ఆకలిదప్పులను, బట్టలు లేని దినాలను కొరింథీ సంఘానికి దాచకుండా రాశాడు. లేమి శాపానికి గుర్తయితే పౌలును ఏమనాలి? తల వాల్చుకోను చోటు లేని మన ప్రభువును ఏమనాలి? మన శాపాన్ని క్రీస్తు సిలువమీద తనమీద వేసుకున్నాడని గలతీ పత్రిక 3వ అధ్యాయం చెబుతోంది. ఆయన మోసేసిన దాన్ని మనం మళ్లీ నెత్తికెత్తుకోనక్కరలేదు.

అలాగని అప్పులన్నీ ఒకటే అనడం లేదు. ఆస్పత్రి ఖర్చుకు, పంట పెట్టుబడికి, పిల్లల ఫీజుకు చేసిన అప్పు వేరు. నలుగురి ముందు గొప్పకోసం పెళ్లికి, గృహప్రవేశానికి తాహతు మించి చేసిన అప్పు వేరు. రెండవది మనదైతే ప్రభువు సన్నిధిలో ఒప్పుకుందాం, ఆయన క్షమిస్తాడు. కాని క్షమాపణ పొందినవాడికి కూడా వాయిదా తేదీ వస్తుంది. అక్కడే మనకు ఎలీషా అవసరం.

ప్రవక్త ఆ తల్లిని కానుకల లెక్క అడగలేదు. రహస్య పాపం ఏమిటని నిలదీయలేదు. ఆమెకు తాను ఏమి చేయాలని అడిగి, ఇంట్లో ఏముందని అడిగాడు. నూనెకుండ ఒక్కటి తప్ప ఏమీ లేదందామె. భయం మన చేత ‘ఏమీ లేదు’ అనిపిస్తుంది. దేవుడు ఆ ‘తప్ప’ దగ్గర పని మొదలుపెడతాడు. తర్వాత ఇరుగుపొరుగు ఇళ్లకు వెళ్లి ఖాళీ పాత్రలు ఎరువు తెమ్మన్నాడు, అవి కొన్ని కాదు, చాలా తెమ్మన్నాడు. అంటే ఆమె తన లేమిని వాకిలి దాటించాలి, పదిమంది గుమ్మాలు ఎక్కాలి. పాత్రలు ఉన్నంతసేపే నూనె పారింది. అద్భుతం దేవునిదే, పాత్రలు మాత్రం పొరుగువారివి.

ఆ కథ ముగింపు మరీ గమనించదగినది. నూనె అమ్మి ముందు అప్పు తీర్చమని, మిగిలిన దానితో తానూ పిల్లలూ బతకమని ప్రవక్త చెప్పాడు. అందులో తన వంతు అడగలేదు. అప్పుల్లో మునిగినవాణ్ని ‘విత్తనపు కానుక’ వేస్తే నూరంతలు వస్తుందని ఊరించి, మరో అప్పు చేయించే బోధ ఎంత ఆకర్షణీయంగా ఉన్నా అది ఎలీషా బోధ కాదు.

ఒంటరి విధవరాలి సంగతి అలా ఉండగా, ఊరంతా అప్పులపాలైన కథ నెహెమ్యా 5వ అధ్యాయంలో ఉంది. కరువు వచ్చి జనం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు కుదువపెట్టారు, బిడ్డలను దాస్యానికి అప్పగించారు. అప్పిచ్చినవారు పరాయివారు కాదు, సొంత సహోదరులే. నెహెమ్యా వారిని సమాజం ముందు నిలబెట్టి పొలాలు, ఇళ్లు తిరిగి ఇప్పించాడు, నూటికి ఒకటి చొప్పున తీసుకున్నదీ ఇప్పించాడు. అది నెలసరి వడ్డీ అని పండితులు చెబుతారు. అంటే మన లెక్కలో రూపాయి వడ్డీ! మన ఊళ్లలో మూడు రూపాయలకు, అయిదు రూపాయలకు తిప్పే చేతులు ఆదివారం ప్రభువు బల్లలో పాలుపొందే చేతులైతే, ఆ అధ్యాయాన్ని మరోసారి చదువుకోవాలి.

తెలుగు సంఘ చరిత్రలో కూడా ఇలాంటి సాక్ష్యం ఉంది. పెద్దలు ధాత కరువు అని చెప్పుకొనే 1876-78 నాటి క్షామంలో ఒంగోలు ప్రాంతం ఆకలితో అలమటించింది. అప్పుడు అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకపు పనిని ప్రభుత్వం నుంచి తీసుకుని వేలాదిమందికి కూలి కల్పించాడు. సంఘ బోధకులే పనిమీద పెద్దలుగా నిలిచి, అలసిన కూలీలకు ప్రభువు మాటలు చెప్పారు. అయినా కరువు సహాయం సాగినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపివేశాడు. కూటికోసం మతం పుచ్చుకున్నారన్న మాట ఎవరిమీదా పడకూడదని ఆయన ఉద్దేశం. కరువు తగ్గాక, 1878 జులై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆకలిగొన్నవాడి ముందు సంఘం చేయవలసింది ఏమిటో ఆ కాలువ గట్టు నేర్పుతోంది. ముందు పని, కూలి, ఓదార్పు. బేరం మాత్రం కాదు.

ప్రియ సోదరీ, సోదరా, ఇప్పుడు మీరు అలాంటి రాత్రిలో ఉంటే ఈ చిన్న మాటలు వినండి. అప్పులన్నీ, వడ్డీతో సహా, ఒక కాగితంమీద రాయండి. కనబడని సంఖ్య కంటే కనబడే సంఖ్య తక్కువ భయపెడుతుంది. ఆ కాగితం జీవిత భాగస్వామికి చూపండి, నమ్మదగిన సంఘ పెద్ద ఒకరికి చూపండి. ఒక అప్పు తీర్చడానికి అంతకంటే ఎక్కువ వడ్డీకి మరో అప్పు చేయకండి. అప్పిచ్చినవారిని తప్పించుకు తిరగక, ఎదురుగా వెళ్లి గడువు అడగండి. ఫోన్‌లో అప్పులిచ్చే యాప్‌ల వారు మీ బంధువులకు ఫోన్లు చేసి, ఫొటోలు మార్చి పరువు తీస్తామని బెదిరిస్తే, అది మీ పాపం కాదు, వారి నేరం. రుణ యాప్‌లు మీ ఫోన్‌లోని పేర్ల జాబితా జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే నిబంధన పెట్టింది. సైబర్ నేరాలపై 1930 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. బతుకే వద్దనిపించే ఘడియ వస్తే ఒంటరిగా ఉండకండి. టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయండి, మీ కాపరి తలుపు తట్టండి. అర్ధరాత్రి అయినా తట్టండి.

సంఘానికి ఒక మాట. రెండు మూడు వారాలుగా కనిపించని కుటుంబం ఇంటికి ఈ వారం వెళ్దాం. కానుక గురించి అడగకుండా, బియ్యం డబ్బా వైపు ఒకసారి చూద్దాం. వారి నూనెకుండకు మన ఇంటి ఖాళీ పాత్ర కావలసి ఉండవచ్చు.

నిన్ను విడిచిపెట్టనని దేవుడు చేసిన వాగ్దానాన్ని మనం సమాధుల దగ్గర, ఆస్పత్రుల్లో తలచుకుంటాం. కాని హెబ్రీ పత్రిక 13వ అధ్యాయంలో ఆ వాగ్దానం డబ్బు ప్రస్తావనలోనే ఉంది. చేతిలో ఉన్నదానితో తృప్తిపడడం ఎలాగని భయపడే మనుషులకే ఆయన తోడుంటానన్నాడు. రుణపత్రంమీద మీ పేరు ఉంటే ఉండవచ్చు, ఆయన అరచేతిమీద కూడా మీ పేరుంది. ఆ పేరు వడ్డీ కట్టనందుకు చెరిగిపోయేది కాదు. తలుపు వేసుకుని, ఉన్న నూనె వంచడం మొదలుపెట్టండి. ప్రభువు మీకు తోడైయుండును గాక!