పడుగు లేదు.. పేక లేదు!

పోయిన వేసవిలో రైతుబజారు నుంచి వస్తుంటే గేటు దగ్గరే నా సంచి కాడ ఊడిపోయింది. రెండు కిలోల ఉల్లిపాయలు, కిలో టమాటాలు, పైన ఓ సొరకాయ.. అన్నీ రోడ్డు పాలు. ఉల్లిపాయలు ఏరి ఇచ్చిన కూరగాయలామె, సంచిని అటూ ఇటూ తిప్పి చూసి ఒకటే మాట అంది: ‘‘ఇది గుడ్డేంటి సారూ.. కాగితం!’’

ఇంటికొచ్చాక ఆ సంచిని ట్యూబులైటుకు అడ్డంగా పట్టుకుని చూశాను. ఆమె అన్నదాంట్లో సగం నిజమే. అందులో పడుగు లేదు, పేక లేదు. ఇది మగ్గం ఎక్కని బట్ట, అంటే నాన్‌వోవెన్. తలవెంట్రుకలో మూడో వంతో నాలుగో వంతో మందం ఉండే పోగులు గజిబిజిగా అల్లుకుపోయి ఉన్నాయి. మధ్యమధ్యలో ముగ్గు పెట్టినట్టు వరసగా చుక్కలు. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌ను కరిగించి, సన్నటి రంధ్రాల్లోంచి పోగులుగా లాగి, కదిలే బెల్టు మీద పరుస్తారు. ఆ పొరను రెండు వేడి రోలర్ల మధ్య నుంచి పంపుతారు. ఒక రోలరు నున్నగా ఉంటుంది, రెండోదాని మీద బొడిపెలుంటాయి. బొడిపె నొక్కిన చోట పోగులు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. మనకు కనిపించే చుక్క అదే. బట్ట మొత్తాన్ని పట్టి ఉంచేది ఆ చుక్కలే.

పాత సంచి ఉంటే మీరూ చేసి చూడండి. రెండు వేళ్ల వెడల్పున ఒక పట్టీ నిలువుగా, ఇంకోటి అడ్డంగా కత్తిరించండి. మెల్లగా లాగండి. ఒకటి మొరాయిస్తుంది, రెండోది తేలిగ్గా సాగుతుంది. బెల్టు పరుగెత్తే దిక్కుకు ఎక్కువ పోగులు వాలి ఉండటమే కారణం. లాగే కొద్దీ ముందు వంకర పోగులు తిన్నగా అవుతాయి. తర్వాత, అడ్డంగా ఉన్నవి కూడా మన చేతులున్న వైపు తిరగడం మొదలెడతాయి. పట్టీ నడుము సన్నబడిపోతుంది. రబ్బరు లాగినా సన్నబడుతుంది కానీ ఇంతలా కాదు. ఇక్కడ పోగు సాగడం కన్నా పోగు తిరగడం ఎక్కువ. ఆ తర్వాతే అతుకులు ఒక్కొక్కటిగా వదలడం, పోగులు తెగడం. ఆఖరికి తెగిన అంచు కత్తితో కోసినట్టు ఉండదు, ఏకిన దూదిలా నూగునూగుగా మిగులుతుంది.

కూరగాయలామె మాటకు శాస్త్రంలోనూ ఆధారముంది. ఇలాంటి బట్టల లెక్కలకు పునాది వేసింది కాగితమే. 1952లో హెచ్.ఎల్. కాక్స్ అనే ఆయన కాగితం, ఇతర పీచు పదార్థాల బలం మీద ఓ వ్యాసం రాశాడు. పోగులన్నీ ఒకే వైపు పరిస్తే ఎంత బిగువుంటుందో, అవే పోగుల్ని అన్ని దిక్కులకూ సమానంగా చెదరగొడితే అందులో మూడో వంతే ఉంటుందని తేల్చాడు. అయితే ఆ లెక్క మొదటి లాగుడు వరకే పనికొస్తుంది. పోగులు తిరగడం, అతుకులు వదలడం మొదలయ్యాక కథ వేరు.

అతుకు బలంగా వేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అక్కడే ఉంది తిరకాసు. వేడి తక్కువైతే చుక్కలు ఊడొస్తాయి. ఎక్కువైతే చుక్క ఊడదు కానీ దాని అంచునే పోగు తెగుతుంది. తయారీలో సాగదీసినప్పుడు పోగులోని అణుగొలుసులు ఒకే వైపు సర్దుకుంటాయి, దాని బలమంతా ఆ సర్దుబాటులోనే ఉంది. అతి వేడికి అది చెదిరిపోతుంది. పాలీప్రొపిలీన్ కరిగేది 160 డిగ్రీల సెల్సియస్ దాటాక. రోలరు దానికి దగ్గరగా వెళ్లాలి, మరీ దగ్గరకు వెళ్లకూడదు. ఆ కాసిన్ని డిగ్రీల మధ్యే మంచి బట్ట పుడుతుంది.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసింది గాటు సంగతి. బట్టల కొట్టులో గుమాస్తా కత్తెరతో చిన్న గాటు పెట్టి రెండు చేతులా లాగితే నేత బట్ట చర్రున చీలిపోతుంది. గాటు కొసన ఉన్న దారం మీదే భారమంతా పడుతుంది. అది తెగితే పక్కది, ఆపై ఇంకో పక్కది. కాగితమూ అంతే. ఈ సంచి బట్టకు అలాగే గాటు పెట్టి, పట్టీని రెండు కొసలా పట్టుకుని లాగి చూశాను. చీలిక పరుగెత్తలేదు. గాటు నోరు తెరుచుకుని గుండ్రంగా మారింది. కొసన ఉన్న పోగులు పక్కకు జరిగి, భారం వచ్చే వైపు తిరిగి, దాన్ని చుట్టుపక్కల వాటికి పంచేశాయి. చిక్కుముడిగా ఉండటమే దానికి కలిసొచ్చింది. ఈ ఒక్క విషయంలో మాత్రం అది కాగితం కాదని ఆమెకు చెప్పాలి.

కరోనా రోజుల్లో మనం కట్టుకున్న సర్జికల్ మాస్కులోనూ పైనా కిందా ఉన్నవి ఇలాంటి పొరలే. వడకట్టే మధ్య పొర ఇంకా సన్నటి పోగులది. దానికంత బలం ఉండదు కాబట్టే ఈ రెండింటి మధ్య దాచారు. రోడ్ల కింద పరిచే దళసరి జియోటెక్స్‌టైల్‌లో చాలా రకాలకు చుక్కలే ఉండవు. ముళ్లున్న సూదులతో గుచ్చిగుచ్చి పోగుల్ని చిక్కుపెడతారు. కంకర మొన గుచ్చుకుంటే పోగులు జారి, సాగి, దాని చుట్టూ సర్దుకుంటాయి.

మన సంచికొస్తే, 2021 సెప్టెంబరు 30 నుంచి దేశంలో నాన్‌వోవెన్ ప్లాస్టిక్ సంచి చదరపు మీటరుకు 60 గ్రాములకు తగ్గకూడదన్నది నిబంధన. జిరాక్సు కాగితాన్ని కొలిచేదీ ఈ కొలతతోనే. అది సాధారణంగా 70, 75 గ్రాములుంటుంది. నిబంధన మంచిదే. కానీ నా సంచి పొట్ట దగ్గర చిరగలేదు, కాడ దగ్గర ఊడింది. ఆ కాడకు కుట్టు లేదు. అల్ట్రాసోనిక్ యంత్రంతో చుక్కలు నొక్కి అతికించారు. సంచి భారమంతా మోసేది వేలెడంత జాగాలో ఉన్న ఆ చుక్కలు. ఊడిన చోట చూస్తే చుక్కలు చుక్కల్లాగే ఉన్నాయి, చుట్టూ బట్టకే కన్నాలు పడ్డాయి. వేడి కాస్త ఎక్కువ తగిలినట్టుంది.

ఆ సంచిలో క్లిప్పులు వేసి బాల్కనీలో మేకుకు తగిలించాం. వేసవి వెళ్లి, వానలు వెళ్లి, మొన్న సంక్రాంతికి దులుపుదామని తీస్తే చేతిలోనే పొడిపొడిగా రాలింది. ఎండకు పోగులే పెళుసెక్కిపోయాయి. లాగే పనే లేకపోయింది. నేల మీద ఆకుపచ్చ పొట్టు, అందులో అక్కడక్కడా ఇంకా గుర్తుపట్టేలా చుక్కలు. చీపురుతో ఎత్తితే సగం గాలికి లేచిపోయింది.