ముల్లును ముల్లుతోనే

2004వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీన హిందూ మహాసముద్రమున సునామీ చెలరేగెను. అండమాన్, నికోబార్ దీవులలో పెక్కుచోట్ల టెలిఫోనులు మూగవోయినవి. అప్పుడు నాటి పోర్ట్‌బ్లెయిర్ నుండి ఔత్సాహిక రేడియోవారు దీవులవారి క్షేమవార్తలను ప్రధాన భూభాగమునకు అందజేసిరి. పరీక్షలో ఉత్తీర్ణులై, ప్రభుత్వమువలన లైసెన్సు పొంది, స్వంత యంత్రములతో దూరప్రాంతములవారితో సంభాషించువారే ఔత్సాహికులు.

వారికి చేరు పలుకు తరచుగా మిక్కిలి బలహీనముగా నుండును. శక్తిమంతమైన ప్రసారకేంద్రము చేరువనున్నచో, దాని తరంగములు గ్రాహకములో చొరబడి ఆ పలుకును ముంచివేయును. సంతలోని కేకల నడుమ పసివాని పిలుపు వినబడునా? ఈ బాధను కొద్దిపాటి ఖర్చుతో తగ్గించు సాధనమే 'స్టబ్'.

స్టబ్ అనగా ఒక కోయాక్సియల్ కేబులు ముక్క. కేబులు నడుమ రాగితీగ, దాని చుట్టును పాలిథీన్ పొర, దానిపై సన్నని తీగల అల్లిక, అన్నిటికిని పైన తొడుగు ఉండును. ఏరియల్ నుండి గ్రాహకమునకు వచ్చు కేబులునకు ఈ ముక్కను కొమ్మవలె కలుపుదురు. దాని రెండవ కొన తెరచియుండవలెను. అచ్చట నడిమి తీగ అల్లికను తాకరాదు.

కొమ్మలోనికి పోయిన తరంగము కొనవద్ద దారిలేక వెనుకకు మరలును. కొమ్మ పొడవు తరంగదైర్ఘ్యములో నాల్గవవంతైనచో, పోవుటకును వచ్చుటకును కలిసి అది సగము తరంగదైర్ఘ్యము నడచును. అందుచే మరలివచ్చిన తరంగపు పల్లము, క్రొత్తగా వచ్చు తరంగపు శిఖరముతో కలిసి దానిని అణచును. ముల్లును ముల్లుతోనే తీయుట యనగా నిదియే.

100 మెగాహెర్ట్జ్ ఎఫ్.ఎం. కేంద్రమును ఉదాహరణముగా గైకొందము. ఆకాశమున దాని తరంగదైర్ఘ్యము 3 మీటర్లు. నాల్గవవంతు 75 సెంటీమీటర్లు. కాని పాలిథీన్ కేబులులో తరంగవేగము సుమారు 66 శాతమునకు తగ్గును. కావున కొమ్మ పొడవు సుమారు 49.5 సెంటీమీటర్లు కావలెను. మొదట 52 సెంటీమీటర్లు కోసి, పరీక్షించుచు కొద్దికొద్దిగా కత్తిరించవలెను. తొందరపడి ఎక్కువ కోసినచో ఆ ముక్క పనికిరాదు.

ఈ కొమ్మ ఔత్సాహికులు వినగోరు 145 మెగాహెర్ట్జ్ తరంగమును కూడ కొంత కదలించును. ఆ లోపమును మరియొక చిన్న ముక్కను చేర్చి సవరింతురు.

వేలమందికి వినోదమును, వార్తలను అందించు ప్రసారకేంద్రముపై అలిగిన ఫలమేమి? తన యింటి తీగను తానే చక్కబరచుకొన్నవానికి, ఆపదలోనున్నవాని సన్నని పిలుపు వినబడును.